క్రాస్‌బో కొందామనుకునేవాళ్లు ఆగండి: సేఫ్టీ వేసి ఉండగానే బాణం పోయింది

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ దిక్కు ఆన్‌లైన్‌లో క్రాస్‌బో (తుపాకీ లెక్క ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు) తెప్పించుకోవాలని చూస్తున్నవాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది చదవండి. నాకు వచ్చిన క్రాస్‌బో సేఫ్టీ (పొరపాటున బాణం పోకుండా ఆపే బటన్) వేసి ఉండగా, ట్రిగ్గర్ మీద వేలు కూడా లేకుండానే బాణం వదిలేసింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ అయ్యేదే.

నర్సంపేట అవతల మా బావ వాళ్ల మామిడి తోటలో ఎత్తైన మట్టి కట్టకు ఆనించి, గోనె సంచుల్లో పాత బట్టలు కుక్కి టార్గెట్ పెట్టినం. ముందున్న ఇనుప కడ్డీలో కాలు పెట్టి నారిని వెనక్కి లాగితే లోపల టక్కుమని పట్టుకున్నది. సేఫ్టీ బటన్ దానంతట అదే పడ్డది. గాడిలో బాణం పెట్టి భుజానికి ఎత్తుకుంటుంటే వెనక దిమ్మ భుజానికి కొద్దిగా తాకింది. ఆ మాత్రం తాకిడికే నారి జారి, బాణం టార్గెట్ కింద మట్టిలో ఈకల దాకా దిగిపోయింది. మా బావ కొడుకు బాణాలు ఏరుకొస్తనని అప్పటిదాకా టార్గెట్ దిక్కే ఉరుకుతున్నడు. వాళ్లమ్మ నీళ్లు తాగమని పిలిస్తే అప్పుడే వెనక్కి వచ్చిండు.

అమ్మినతనికి ఫోన్ చేస్తే ఒకటే మాట: "మీరే ట్రిగ్గర్ నొక్కి ఉంటరు సార్." వాడిన వస్తువు వాపసు తీసుకోడట. ప్రకటనలో మాత్రం "డబుల్ సేఫ్టీ, పిల్లలు కూడా వాడొచ్చు" అని పెద్దక్షరాలతో ఉంది.

నేను ఫిట్టర్ పని చేస్తా. ఊరుకోబుద్ధి కాలేదు. ములుగు రోడ్డులో మా దోస్తు లేత్ షాపుకు పట్టుకపోయి, నారి దించి, అలెన్ కీతో ట్రిగ్గర్ పెట్టె విప్పినం. లోపల చూసిందే మీకు చెప్పాలని ఇదంతా రాస్తున్న.

క్రాస్‌బోలో నారిని పట్టుకునేది ట్రిగ్గర్ కాదు. పైన ఒక కొక్కెం ఉంటది, నారి దాని మీద కూర్చుంటది. నా దాని మీద 175 పౌండ్లని రాసి ఉంది, అంటే దాదాపు 80 కిలోల లాగుడు. ఆ లాగుడుకు కొక్కెం ముందుకు తిరిగిపోవాలని చూస్తనే ఉంటది. దాన్ని తిరగనియ్యకుండా కింద ఒక అడ్డు మీట ఆపుతది, దాన్నే సియర్ అంటరు. ట్రిగ్గర్ నొక్కితే ఆ మీట పక్కకు జరుగుతది, కొక్కెం తిరుగుతది, నారి పోతది. 80 కిలోల బరువును రెండు కిలోలు కూడా లేని వేలి ఒత్తిడితో వదిలించాలంటే మీటల పొడుగుల లెక్కతోనే సాధ్యం. ఆ లెక్క అంతా చివరికి కొక్కెం అంచు, సియర్ అంచు ఒకదానికొకటి ఆనుకునే సన్నని పట్టీ దగ్గరికి వచ్చి నిలుస్తది. ఆ పట్టీ వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండొచ్చు. మీ ప్రాణం, మీ పక్కోడి ప్రాణం ఆ అంచు మీదే ఆధారపడి ఉంటది.

మంచి కంపెనీలు ఆ రెండు ముక్కలను గట్టిపరిచిన స్టీలుతో చేసి, ఆనుకునే ముఖాలను గ్రైండింగ్ చేస్తయి. నా దాంట్లో సియర్‌కు అయస్కాంతం పెడితే అంటుకోలేదు. ఆకురాయితో ఒక్కసారి గీస్తే సబ్బు లెక్క గీత పడ్డది. గట్టిపరిచిన స్టీలు మీద ఆకురాయి జారిపోవాలి, గీత పడొద్దు. అది అచ్చులో పోసిన జింకు మిశ్రమం, పైన నల్ల రంగు. కొత్త వస్తువే, అయినా అంచు గుండ్రమైపోయి, దాని పొడవునా తళతళా మెరిసే గీత ఏర్పడ్డది. పదును పోయిన ఆ అంచు మీద 80 కిలోలు ఆగాలంటే ఎట్లా ఆగుతయి? ఏ చిన్న కుదుపుకైనా జారుతది.

పిన్నుల సంగతి ఇంకా ఘోరం. కొక్కెం, సియర్ తిరిగే రెండు పిన్నులూ ప్లాస్టిక్ గోడల్లోనే కూర్చున్నయి. రంధ్రాలు అప్పటికే కోడిగుడ్డు ఆకారానికి సాగినయి. పిన్ను కదిలితే అంచుల పట్టు ఒక్కోసారి ఒక్కో తీరు ఉంటది. చైనాలో షియాన్ దగ్గర చిన్ చక్రవర్తి మట్టి సైన్యం గుంతల్లో కంచు ట్రిగ్గర్లు దొరికినయి, 2200 ఏళ్ల కిందటివి. వాటిలోనూ పిన్నుల మీద తిరిగే ఇవే కంచు ముక్కలు. తర్వాత హాన్ రాజుల కాలానికి ఆ ముక్కలన్నిటినీ కంచు పెట్టెలో బిగించి, ఆ పెట్టెను కర్రలో దించినరు. బరువు కర్ర రంధ్రాల మీద పడి అవి సాగొద్దని, పగలొద్దని. ఆ కాలంలోనే అర్థమైన సంగతిని పక్కనపెట్టి, ఇవ్వాళ ఒకడు ప్లాస్టిక్‌లో పిన్నులు గుచ్చి వేల రూపాయలకు అమ్ముతున్నడంటే నాకు కడుపు మండుతది.

ఇక సేఫ్టీ. అందరూ గట్టిగా పట్టించుకోవాల్సింది ఇదే. నా దాంట్లో సేఫ్టీ బటన్‌కు తగిలించిన సన్నని రేకు ట్రిగ్గర్ వెనక్కి రాకుండా మాత్రమే ఆపుతది. సియర్‌ను ముట్టుకోదు, కొక్కెంను అసలే ముట్టుకోదు. అంచు జారిందంటే ట్రిగ్గర్‌తో పనే లేదు, నారి పోతది, సేఫ్టీ చూస్తా ఉంటది. మీ వేలిని ఆపే సేఫ్టీ వేరు, నారిని ఆపే సేఫ్టీ వేరు. మంచి డిజైన్లలో సేఫ్టీ సియర్‌కు గానీ, నేరుగా కొక్కెంకు గానీ అడ్డం పడ్తది. బయట నుంచి చూస్తే రెండూ ఒకే తీరు బటన్లు, ఒకే తీరు చప్పుడు. కాబట్టి కొనే ముందు అమ్మేవాణ్ని ఒకే ప్రశ్న అడగండి: "సేఫ్టీ దేన్ని ఆపుతది, ట్రిగ్గర్‌నా, సియర్‌నా, కొక్కెంనా?" లోపలి భాగాల బొమ్మ ఉన్న మాన్యువల్ పంపమనండి. బొమ్మ పంపకుండా "సూపర్ క్వాలిటీ సార్" అంటే అక్కడితో వదిలేయండి.

వాళ్లు చెప్పిన రెండో సేఫ్టీ ఏందో కూడా తెలిసింది. అది బాణం లేకుండా నారి వదలకుండా ఉండే ఏర్పాటు. నారి పోయే దారిలో చిన్న నాలుక ఉంటది. బాణం వెనక భాగం దాన్ని తోస్తేనే దారి ఇస్తది, లేకుంటే నారిని మధ్యలో పట్టేస్తది. ఇది ఉండాలి, తప్పకుండా ఉండాలి. ఖాళీగా వదిలితే బాణానికి పోవాల్సిన బలమంతా విల్లు రెక్కల్లోనే మిగిలి అవి పగులుతయి, నారి తెగి మొహం మీదికొస్తది. కానీ బాణం పెట్టినంక ఆ నాలుక పక్కకు తప్పుకుంటది. మనిషికి ప్రమాదం ఉండేది సరిగ్గా అప్పుడే. దాన్ని రెండో సేఫ్టీ అని చెప్పి అమ్ముడు పచ్చి మోసం. పైగా నా దాంట్లో ఆ నాలుక స్ప్రింగు చచ్చిపోయి పైకే ఇరుక్కొని ఉంది, ఆ ఒక్క పని కూడా చేయదు.

బాణాల వెనక ఉండే నాక్ (నారి ఆనే చివరి ముక్క) కూడా చూసుకోండి. చదునుది, అర్ధచంద్రం లాంటిది, నారిని పట్టుకునేది అని రకాలు ఉంటయి. మీ క్రాస్‌బోకు ఏది సరిపోతదో తయారు చేసినవాళ్లు చెప్పాలి. వేరేది వేస్తే నారి బాణం పైనుంచో కిందనుంచో జారిపోయి, ఖాళీగా వదిలినంత పని అయితది.

చిన్నదే కదా అని పిల్లల కోసం పిస్టల్ క్రాస్‌బో తీసుకునేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్న. 80 పౌండ్లంటే 36 కిలోల లాగుడు, అది ఆట సామాను కాదు. ఏ క్రాస్‌బోలోనైనా బొటనవేలు గాడి పైకి వస్తే నారి ఆ వేలిని ఉంచదు. ముందు పట్టుకునే చోట వేళ్లు పైకి రాకుండా అడ్డం లేనిది తీసుకోకండి. ఎక్కుపెట్టినంక చాలావాటిని చేతితో మెల్లగా దించుడు కుదరదు, మొండి బాణం పెట్టి మెత్తటి టార్గెట్‌లోకి వదలాల్సిందే. ఈ ముక్క మాన్యువల్‌లో లేకుంటే ఆ మాన్యువల్‌నే నమ్మొద్దు.

ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు అడవి పందుల కోసం పనికొస్తదా అని అడిగినరు. వద్దు తమ్మీ. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అయితది, జైలుకు పోతరు. పొలం నష్టానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోండి. టార్గెట్ కోసమే అయినా సరే, కొనే ముందు మీ ఠాణాలో లైసెన్స్ సంగతి కనుక్కోండి.

ఇప్పటికే ఇట్లాంటిది కొన్నవాళ్లు దాన్ని ఎక్కుపెట్టి పరీక్ష చేయొద్దు. నారి దించి ఉన్నప్పుడే తెలిసిన ఫిట్టర్‌తో పెట్టె విప్పించి, అంచులు, పిన్ను రంధ్రాలు చూపించండి. అంచు గుండ్రమై ఉంటే దాన్ని ఆకురాయితో రాకి సరిచేద్దామని చూడకండి. రాకినకొద్దీ పట్టు తగ్గుతది. మార్చాల్సిందే, లేకుంటే మూలన పడేయాల్సిందే.

డబ్బుల సంగతికి వస్తే, లోపమున్న సరుకును వాపసు తీసుకోనని ఆన్‌లైన్‌లో అమ్మేవాడు అనడానికి వీల్లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన. వాళ్లు స్పందించకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, డబ్బా మీది లేబుల్ ఫోటో మీరు కూడా మొదటి రోజే తీసి దాచుకోండి, నేను ఫోన్ చేసినంక ఆ ప్రకటనలో "డబుల్ సేఫ్టీ" అన్న మాట మాయమైంది. విప్పిన పెట్టె ఫోటోలు నా దగ్గర ఉన్నయి, మీ దాంతో పోల్చి చూసుకోవాలంటే అడగండి, పంపిస్తా.