కటర్ బార్ ట్రాలీకి చేయించిన హిచ్: సార్వా, దాళ్వా కోతల్లో వాడాక

వరి కోత యంత్రం ముందు అడ్డంగా ఉండే కోత భాగమే కటర్ బార్. 14 అడుగుల బార్ అంటే 4.27 మీటర్లు. రోడ్డు మీద వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదన్నది నిబంధన. అందుకే వీల్ హార్వెస్టర్ ఊరు మారేటప్పుడు కటర్ బార్ విప్పి, ట్రాలీ మీద పొడవుగా పడుకోబెట్టి ట్రాక్టరుతో లాగాలి. డెల్టాలో కాలువ గట్ల మీద అది తగిలించుకునే వెళితే ఎదురొచ్చే ఆటోకి కూడా దారి ఉండదు.

ట్రాక్టరు వెనక హౌసింగు (గేర్లు, ఇరుసు ఉండే పెట్టె) పోత ఇనుము. దాని మీద వెల్డింగ్ పెడితే పక్కనే పగులు పుడుతుంది. ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే మా హిచ్ అంతా బోల్టుల మీదే ఉంది: 16 మి.మీ. ప్లేటు, దానికి 20 మి.మీ. చెవులు రెండు, 32 మి.మీ. ఈఎన్8 ఉక్కు పిన్ను. బోల్టులు ఎం16, 8.8 గ్రేడు, 200 న్యూటన్ మీటర్ల బిగింపు. ప్లేటు ఆనే చోట రంగు గీకేయాలి. లేకపోతే రంగు నలిగి బిగువు పోతుంది. గీకినా సరే, మొదటి రోజు లాగుడు అయ్యాక మళ్లీ బిగించి చూడాలి.

ఇన్నాళ్ల వాడకంలో ఎక్కువ మేలు చేసింది హిచ్ పిన్ను దూరే ట్రాలీ రింగు. దాన్ని నాలుక (ట్రాలీ ముందుకు పొడుచుకు వచ్చే లాగుడు దూలం) ఛానల్‌కు నేరుగా అతికించలేదు. రింగు కాడ బుష్షులో (లోపల వేసే గొట్టం) తిరుగుతుంది, అది ఊడిరాకుండా వెనక గాట్లున్న క్యాజిల్ నట్టు, అది విప్పుకోకుండా కాటర్ పిన్ను ఉంటాయి. గట్టు దాటేటప్పుడు ట్రాక్టరు చక్రం ఒకటి పైన, ఒకటి కింద ఉంటుంది. కదలని రింగైతే ఆ మెలిక అంతా నాలుక మీద పడి, వెల్డింగ్ చివర సన్నటి గీతలా పగులు మొదలవుతుంది. తిరిగే రింగు పెట్టాక నాలుకలో ఎక్కడా పగులు రాలేదు.

రింగు లోపల 35 మి.మీ. బోరు (రంధ్రం) ఉన్న మరో బుష్షు ఉంది. అది పిన్ను కంటే మెత్తగా ఉండాలి, అరిగేది అదే కావాలి. ఆగినప్పుడు, కదిలినప్పుడు పడే కుదుపులకు బోరు ముందువెనకలుగా కోడిగుడ్డులా సాగుతుంది. పిన్నుకీ బుష్షుకీ సందు 6 మి.మీ. దాటితే మార్చేయాలి. లేత్ షాపులో అది చిన్న పని. గ్రీజు రాసే ముందు పాతది తుడవాలి, ఊక ధూళి కలిసిన గ్రీజు ఇనుమును అరగదీస్తుంది.

బరువు కూడా చూడాలి. ట్రాలీ, బార్ కలిసి టన్నున్నర ఉంటే రింగు మీద 150 కిలోల దాకా పడాలి. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద దిమ్మ పెట్టి, రింగును దాని మీద ఆనిస్తే తెలిసిపోతుంది. తక్కువైతే బార్‌ను ముందుకు జరపాలి, లేదంటే ట్రాలీ తోకలా ఊగుతుంది. హిచ్ ఎత్తు మాత్రం పెంచకూడదు. ట్రాక్టరు వెనక ఇరుసు కన్నా పైనుంచి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి.

లోపాలు రెండున్నాయి. మలుపులో బాగా తిప్పితే ట్రాక్టరు కింది లింకు చేతులు (పనిముట్లు తగిలించేవి) నాలుకకు తగులుతాయి, వాటిని పైకెత్తి గొలుసుతో కట్టాలి. ట్రాలీకి బ్రేకు లేదు, కల్వర్టు దిగేటప్పుడు ట్రాక్టరును నెడుతుంది. గంటకు 20 కిలోమీటర్లు దాటవద్దు.

10 మి.మీ. గొలుసులు రెండు నాలుక కింద అడ్డంగా దాటించి, పిన్నుకు కాకుండా ప్లేటుకే షాకిళ్లతో (యూ ఆకారపు కొక్కేలు) కట్టాలి. పిన్ను జారినా నాలుక వాటి మీదే ఆగాలి, రోడ్డును తాకకూడదు.