ల్యాబ్‌లో పులి, శెనిక్కాయ చేన్లో పిల్లి: చవక లైడార్ రివ్యూ

5కి 3 స్టార్లు. ఆ 3 కూడా ల్యాబ్ లోపల పనితనం చూసి ఇచ్చినవే.

గిర్రున తిరుగుతా లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే చిన్న 2డీ లైడార్ సెన్సార్ ఇది, పది వేల లోపే, అనంతపురంలో మా ల్యాబ్ రోబోకి తెప్పించినాం. కంపెనీ పేరెందుకులే, ఈ రకం చవక లైడార్లన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి.

లోపలైతే వంక పెట్టేదే లేదు. ఉబుంటు 22.04 లైనక్స్ మీద రోబోలని నడిపే సాఫ్ట్‌వేర్ రాస్ 2లో హంబుల్ వెర్షన్ వేసి, మ్యాప్ గీసే స్లామ్ టూల్‌బాక్స్ ఆన్ చేసి రోబోని మెల్లగా తిప్పితే గోడలు, బెంచీలు, తలుపులు అన్నీ స్క్రీన్ మీద మ్యాప్‌గా వచ్చేస్తాండాయి, మొదటిసారి చూసే జూనియర్లు నోరెళ్ళబెడతారు. సీనియర్లు వదిలిపోయిన నోయెటిక్ (పాత రాస్ 1 వెర్షన్) కోడ్ పట్టుకోని కూర్చోవద్దండప్పా, దానికి సపోర్ట్ 2025 మే లోనే అయిపోయింది, హంబుల్‌కి 2027 మే దాకా ఉంది. ఇంకోటి, పొడుగు కారిడార్లో రెండు పక్కలా ఒకే రకం గోడ ఉంటే రోబో ముందుకి పోయిందా లేదా అనేది లైడార్‌కి ఒక్కదానికే తెలీదు, చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు ఉండాల్సిందే. అద్దాల తలుపు ఉంటే సగంసార్లు అది అక్కడ లేనట్టే.

ఇంక బయట. ఇది దూరాన్ని కోణంతో కొలుస్తాది, లేజర్ చుక్క పోయి తగిలి తిరిగొచ్చి లోపలుండే చిన్న కెమెరా సెన్సార్ మీద యాడ పడిందో చూసి లెక్కేస్తాది. వస్తువు దూరం పోయేకొద్దీ ఆ చుక్క జరిగేది చానా తక్కువ, అందుకే దూరం రెండింతలైతే తప్పు నాలుగింతలు. దానికి తోడు ఈ లేజర్‌ది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, మన ఎండలో కూడా అది దండిగా ఉంటాది కదా, ఆ చుక్క అందులో కలిసిపోతాది. మధ్యాహ్నం చేన్లో పెడితే స్క్రీన్ మీద నాలుగు చుక్కలు, మిగతాదంతా ఖాళీ. పొద్దు గూకినాక మళ్ళీ బాగానే పనిచేస్తాది, కానీ సాయంత్రం ఏడుకి చేన్లో రోబో ఏం చేయాలి చెప్పండి.

ఎండ సంగతి పక్కన పెట్టినా శెనిక్కాయకి ఇది సరిపోదు. ఒకే ఎత్తులో, ఒకే గీతలో చూస్తాది, చెట్టేమో మోకాలి దాకా కూడా రాదు, రోబో మీద పైన పెడితే చెట్ల నెత్తి మీదుగా పక్క చేను గట్టు కనపడతాది, కిందికి పెడితే మట్టి గడ్డలకే తగులుకుంటాది. సాళ్ళు పట్టుకోని పోవాలంటే మామూలు వెబ్ క్యామే నయం. ఫోటోలో ఆకుని మట్టి నుంచి విడదీసేదానికి ఎక్సెస్ గ్రీన్ అని 1995 నుంచీ ఉన్న లెక్క, పచ్చ విలువని రెండింతలు చేసి ఎరుపు, నీలం తీసేయడమే, పెద్ద ఏఐ మోడల్ కూడా అక్కర్లేదు. మన ఎర్ర నేల మీద ఆకు పచ్చగా విడిగా తేలిపోతాది, ఈ విషయంలో మాత్రం అనంతపురం మట్టి మనకి కలిసొచ్చింది.

బయటికి లైడారే కావాలని ప్రాజెక్ట్ గైడ్ పట్టుబడితే, వెలుగు పోయి వచ్చే టైమ్ కొలిచే టైమ్ ఆఫ్ ఫ్లైట్ రకం అడగండి. కొనేముందు ఎండలో ఎంత దూరం చూస్తాదో డేటాషీట్లో వేరేగా రాసుందేమో చూసి, ఆ లైను చదవండి. శానాసార్లు గదిలో చూపించే దూరాన్నే పెద్దక్షరాల్లో వేస్తారు.

ఇప్పటికే కొన్నోళ్ళకి ఒక మాట: పోర్ట్ పర్మిషన్ ఎర్రర్ వస్తే సెన్సార్ చెడిపోయిందని రిటర్న్ పెట్టొద్దు, మీ యూజర్‌ని లైనక్స్‌లో సీరియల్ పోర్ట్ వాడే అనుమతిచ్చే డయలౌట్ (dialout) గ్రూపులో చేర్చి ఒకసారి లాగవుట్ అయి రండి.