ఇమాటినిబ్ 400: అమ్మ ఎనిమిదేళ్ళుగా మింగుతున్న బిళ్ళకి నా రివ్యూ

మిక్సీకి రివ్యూ రాస్తాం, ఫోన్ కవరుకి కూడా రాస్తాం, రోజూ మింగే బిళ్ళకి మాత్రం ఎవరూ రాయరు. సరే నేను రాస్తా. బిళ్ళ పేరు ఇమాటినిబ్, 400 ఎంజీ, రోజుకొకటి. మా అమ్మకి సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, బ్లడ్ క్యాన్సర్లలో ఒక రకం. ఎనిమిదేళ్ళయింది. నా రేటింగ్ 5కి 4. అమ్మనడిగితే 5 ఇమ్మంది, ఆ ఒక్కటి నేనే కోశా.

ఎందుకు కోశానంటే, ఖాళీ కడుపున వేసుకున్నామా ఇక అయిపోయింది, అరగంటలో బాత్రూమ్ కి పరుగే. మొదటి నెల మేం చేసిన తప్పదే, పొద్దున్నే కాఫీతో ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిని, మజ్జిగన్నం కూడా అయ్యాక, గ్లాసుడు కాదు చెంబుడు నీళ్ళతో మింగుతుంది. నీళ్ళు తగ్గితే గొంతులో ఎక్కడో ఆగినట్టుండి సాయంత్రం దాకా మంట అంటుంది. ఇంకోటి కళ్ళ చుట్టూ ఉబ్బు. పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తుంటే ఎదురింటావిడ "ఏంటొదినా, రాత్రంతా ఏడ్చావా" అని అడిగేది, అమ్మ రెండు మూడు సార్లు చెప్పి చూసి తర్వాత "ఆ, సీరియల్ చూసి" అనడం మొదలెట్టింది. రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తాయి. ఒళ్ళు కూడా కాస్త తెల్లబడింది, అది కూడా మందు వల్లేనంట, మా కజిన్ పెళ్ళిలో ఒకావిడ "ఏం క్రీమ్ రాస్తున్నావ్" అని చెవిలో అడిగింది. బిళ్ళ పేరు మాత్రం అమ్మ చెప్పలేదు.

సైడ్ ఎఫెక్ట్స్ ఇన్ని ఉన్నా 4 ఎందుకిచ్చానంటే అంతకుముందు సంగతి చెప్పాలి. ఎడమ పక్క డొక్కలో బరువు, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది, మనిషి చూస్తుండగానే చిక్కిపోయింది. ఒక డాక్టరు గ్యాస్ అని మూడు నెలలు మందులిచ్చాడు. చివరికి ఇంకో చోట బ్లడ్ టెస్ట్ చేయిస్తే తెల్లకణాలు 1 లక్షా 90 వేలు, మామూలుగా 11 వేల లోపు ఉండాలి. డొక్కలో బరువు గ్యాస్ కాదు, ప్లీహం వాచి కిందకి దిగింది. ఈ బిళ్ళ మొదలెట్టాక నెలన్నరకి కౌంట్ మామూలుకొచ్చేసింది. ఇంజెక్షన్ లేదు, జుట్టు ఊడలేదు, మంచం పట్టలేదు. ఇదెవడు కనిపెట్టాడ్రా బాబూ అని అప్పుడు పట్టుకుంది నాకు, అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతూనే ఉన్నా.

ఒక్కడు కనిపెట్టింది కాదు గానీ దీని వెనక పట్టుబట్టి కూర్చున్నాయన పేరు బ్రయన్ డ్రూకర్. అమెరికా, మిన్నెసోటాలో పుట్టాడు, 1981లో శాన్ డియేగోలో డాక్టరయ్యాడు, తర్వాత బోస్టన్ లో డానా-ఫార్బర్ అనే క్యాన్సర్ సంస్థకి వెళ్ళాడు. ఇక్కడొకటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ పేరులో ఉన్న ఫార్బర్, సిడ్నీ ఫార్బర్, పిల్లల లుకేమియాకి మొదటిసారి మందుతో కాస్త ఉపశమనం చూపించి 1948లో పేపర్ వేసినాయన. ఆ మందు అమినోప్టెరిన్, అది తయారైంది అమెరికాలో లెడర్లే లాబ్స్ అనే మందుల కంపెనీలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ చేతిలో. అదే ఏడాది ఆయన పోయారు. మనోళ్ళకి సగం మందికి ఇది తెలీదు, సరే.

డ్రూకర్ బోస్టన్ లో క్యాన్సర్ పేషెంట్లని చూస్తూ చూస్తూ లాబ్ లోకి మారాడు, కైనేజులనే ఎంజైముల మీద పని. సీఎంఎల్ కి కారణం ఆపాటికే తెలుసు. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్ఫర్డ్ అనే ఇద్దరు ఈ పేషెంట్ల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోము చూశారు, 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ అది పొట్టిది ఎందుకైందో చెప్పింది, 9, 22 నంబర్ల క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జీన్ పుడుతుంది, దాన్నుంచొచ్చే ఎంజైము కూడా ఒక కైనేజే, అది తెల్లకణాలకి "పెరగండి పెరగండి" అని చెప్తూనే ఉంటుంది. మా నాన్నకి నేనెలా చెప్పానంటే, బోరు మోటరు స్టార్టర్ జామైపోయి స్విచ్ ఆఫ్ చేసినా ఆగట్లేదు, చేను మునిగిపోతోంది. పాత కీమో అంటే నీళ్ళు తోడిపొయ్యడం. డ్రూకర్ అడిగింది ఏంటంటే మోటరే ఎందుకు ఆపకూడదు అని.

వినడానికి ఇంత తేలిక, కానీ అప్పుడు చాలామంది నమ్మలేదు. ఒంట్లో కైనేజులు వందల కొద్దీ ఉంటాయి, అన్నిటికీ ఏటీపీ అనే ఒకే రకం ఇంధనం, ఒకదాన్నే ఆపుదామని పోతే మిగతావి కూడా ఆగి మనిషే పోతాడేమో అని. స్విట్జర్లాండ్ బాసెల్ లో సీబా-గైగీ కంపెనీలో నిక్ లైడన్ టీమ్ మాత్రం అలాంటి మందుల కోసమే పనిచేస్తోంది. డ్రూకర్ కి లైడన్ ముందే తెలుసు, కానీ డానా-ఫార్బర్ కి ఇంకో కంపెనీ సాండోజ్ తో ఒప్పందం ఉండటంతో వీళ్ళతో కలిసి పనిచేసే వీల్లేదు. చివరికి 1993లో బోస్టన్ వదిలేసి అటు చివర ఒరెగాన్, పోర్ట్‌లాండ్ లో ఓహెచ్ఎస్‌యూ అనే మెడికల్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. వెళ్ళగానే లైడన్ కి ఫోన్ చేసి నీ దగ్గరున్న మందులు పంపు అన్నాడు. వచ్చినవాటిలో ఒకటి సీఎంఎల్ కణాలని చంపేసి మామూలు కణాల్ని దాదాపు వదిలేసింది, అదే మన ఇమాటినిబ్. ఎంజైములో ఏటీపీ కూర్చునే సందులో ఇది పోయి ఇరుక్కుంటుంది, తాళంలో పుల్ల విరిగితే చెవి దూరదు చూడండి, అలాగ.

1996లో పేపర్ వచ్చింది, అదే ఏడాది సీబా-గైగీ, సాండోజ్ కలిసి నోవార్టిస్ అయ్యాయి. ఆయన్ని బోస్టన్ లో ఆపిన అడ్డు ఇలా కలిసిపోయింది చూడండి, నాకు నవ్వొచ్చింది. కంపెనీకి మాత్రం అంత ఊపు లేదు, పేషెంట్లు తక్కువ కాబట్టి మార్కెట్ చిన్నది, పైగా జంతువుల టెస్టుల్లో లివర్ గొడవలు. ఈయన వెంటపడ్డాడు. 1998 జూన్ లో మనుషుల మీద ట్రయల్ మొదలైంది, ఈయనతో పాటు చార్ల్స్ సాయర్స్, మోషే తల్పాజ్. 25 ఎంజీ దగ్గర మొదలెట్టి పెంచుకుంటూ పోయారు. 300 ఎంజీ, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి కౌంట్ మామూలైంది. వీళ్ళంతా అప్పటిదాకా వాడే ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు పనిచెయ్యని వాళ్ళు. వార్త బయటికొచ్చాక మందు సరిపోక, మాంట్రియల్ లో ఒక పేషెంట్ ఆన్‌లైన్ లో 3 వేలకి పైగా సంతకాలు పోగేసి కంపెనీ పెద్దకి పంపింది, అప్పుడు తయారీ పెంచారు. 2001 మే లో అమెరికాలో పర్మిషన్, అదే నెల టైమ్ మ్యాగజైన్ కవర్ మీద బిళ్ళల ఫోటో. పెద్ద ట్రయల్ లో ఈ మందుతో మొదలెట్టినవాళ్ళలో పదేళ్ళకి బతికున్నవాళ్ళు 83 శాతం పైనే, అంతకుముందు సగం మంది ఐదారేళ్ళు దాటేవాళ్ళు కాదు. 2009లో డ్రూకర్, లైడన్, సాయర్స్ ముగ్గురికీ లాస్కర్ అవార్డు, వైద్య పరిశోధనలో పెద్ద అవార్డు అది. నోబెల్ ఎందుకు రాలేదో నాకర్థం కాదు.

అలాగని దీన్ని చూసి అన్ని క్యాన్సర్లకీ ఒక బిళ్ళ వచ్చేస్తుందనుకోవద్దు. సీఎంఎల్ లో జామైన స్టార్టర్ ఒకటే. ఏఎంఎల్ అని ఇంకో లుకేమియా ఉంది, అందులో ఒక్కో పేషెంట్ కి ఒక్కో రిపేరు. డ్రూకర్ తర్వాత చాలా ఏళ్ళు దాని మీదే పెట్టాడు, అక్కడ ఇంత సులువుగా దొరకలేదు. సీఎంఎల్ లోనే కొందరికి ఎంజైము రూపు మార్చుకుని ఈ బిళ్ళకి లొంగదు, వాళ్ళకి డాసాటినిబ్, నిలోటినిబ్ లాంటివి.

రేటు సంగతి. ఒరిజినల్ గ్లివెక్, అంటే నోవార్టిస్ అమ్మే ఇమాటినిబ్, మన దగ్గర నెలకి 1 లక్షా 20 వేల దాకా ఉండేది, జెనరిక్, అంటే వేరే కంపెనీలు చేసే అదే మందు, 8, 10 వేలు. పేటెంట్ కోసం నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2013 ఏప్రిల్ 1న పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ప్రకారం, అంటే తెలిసిన మందుకే కొత్త రూపమిస్తే చాలదని, కుదరదని తీర్పొచ్చింది, ఆ కేసులో అవతలి పక్క మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. అదే ఏడాది వందమందికి పైగా సీఎంఎల్ డాక్టర్లు ఈ రేట్లు అన్యాయం అని కలిసి రాశారు, అందులో డ్రూకర్ పేరు కూడా ఉంది. తను పట్టుబట్టి తెచ్చిన మందుకి రేటు ఎక్కువని తనే సంతకం పెట్టడం, నాకైతే ట్రయల్ కంటే అది ఎక్కువ నచ్చింది. ఇప్పుడు మా నెల ఖర్చు కరెంటు బిల్లు, గ్యాస్ బండ కలిపినంత.

వాడేవాళ్ళకి ఒక్కటి చెప్తా, మా ఇంట్లో జరిగింది. మూడో ఏడు అమ్మ రిపోర్టులన్నీ బాగున్నాయి, సంక్రాంతికి ఊరెళ్ళింది, "తగ్గిపోయిందిగా" అని మాకు చెప్పకుండా బిళ్ళ ఆపేసింది. స్ట్రిప్పులు గోధుమపిండి డబ్బాలో దాచింది. రెండు నెలల తర్వాత పీసీఆర్, అంటే రక్తంలో ఆ జీన్ ఎంతుందో కొలిచే టెస్ట్, చేయిస్తే బీసీఆర్-ఏబీఎల్ 0.05 నుంచి 4 శాతానికి లేచింది. డాక్టరు గారు తిట్టలేదు, "అమ్మా, ఆపే టైమొస్తే నేనే చెప్తా, కొందరికి ఆపుతాం, మొదట్లో నెలనెలా టెస్ట్ చూస్తూ" అన్నారంతే. మళ్ళీ కిందకి దిగడానికి ఏడాది పట్టింది. ఆ డబ్బా ఇప్పుడు నా రూమ్ లో ఉంటుంది, బిళ్ళ నేనే తీసిస్తా, ఖాళీ రేకు కూడా చూపించమంటా.

శుక్రవారం మళ్ళీ పీసీఆర్ కి బ్లడ్ ఇవ్వాలి. రిపోర్టు రాగానే కిందే అప్‌డేట్ పెడతా.