లినక్స్ లొకేల్ సెట్టింగులు: నచ్చినవీ, విసిగించినవీ

లినక్స్‌లో నాకు బాగా నచ్చిన వాటిలో ఈ లొకేల్ (భాష, తేదీ, అంకెలు ఏ ప్రాంతం పద్ధతిలో కనిపించాలో చెప్పే) ఏర్పాటు ఒకటి. మెనూలు ఇంగ్లిష్‌లోనే ఉంచుకుని తేదీలు మాత్రం రోజు, నెల, సంవత్సరం వరుసలో, పేపర్ సైజు ఏ4లో, అంకెలు లక్షలు కోట్ల లెక్కన కామాలతో రావాలంటే అలాగే వస్తాయి. తేదీకి ఎల్‌సీ_టైమ్, అంకెలకి ఎల్‌సీ_న్యూమరిక్, మెసేజ్‌లకి ఎల్‌సీ_మెసేజెస్, ఇలా దేనికదే విడిగా మార్చుకోవచ్చు.

గొడవంతా ఇవి ఒకదానికొకటి అడ్డొచ్చినప్పుడే. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో భాష, ప్రాంతం అని రెండే కనిపిస్తాయి కానీ వెనకాల సిస్టమ్ ఫైలు ఒకటి చెప్తుంది, లాగిన్ సెషన్ ఇంకోటి చెప్తుంది, ఎప్పుడో ప్రొఫైల్ ఫైల్లో రాసిపెట్టిన లైను మరోటి చెప్తుంది, చివరికి ఎవరి మాట నెగ్గిందో ఆ విండో చూసి తెలుసుకునే దారే లేదు. మెనూ ఒక భాషలో, దాని పక్కనే క్యాలెండర్ ఇంకో భాషలో కనిపిస్తే కొత్తగా వచ్చినవాళ్ళు ఏమనుకోవాలి?

టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) ఈ విషయంలో చాలా నయం. లొకేల్ అని కొట్టి ఎంటర్ నొక్కితే జాబితా మొత్తం వస్తుంది. అందులో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న విలువలు లాంగ్ (అన్నిటికీ డిఫాల్ట్ లొకేల్) నుంచో ఎల్‌సీ_ఆల్ నుంచో వచ్చినవి, గుర్తులు లేనివి విడిగా ఎవరో పెట్టినవి. ఈ చిన్న తేడా గమనిస్తే తప్పు ఎక్కడుందో సగం దొరికినట్టే. మామూలుగా ఎల్‌సీ_ఆల్ అన్నిటి మీదా పైచేయి, తర్వాత విడి ఎల్‌సీలు, ఏదీ లేకపోతే లాంగ్. కానీ లాంగ్వేజ్ అని ఇంకో వేరియబుల్ (సెట్టింగ్ విలువ దాచిపెట్టే పేరు) ఉంది చూడండి, మెసేజ్‌ల వరకు అది ఎల్‌సీ_ఆల్‌ని కూడా పక్కకు నెట్టేస్తుంది (లొకేల్ సీ, అంటే ఏ ప్రాంతానికీ చెందని మూల సెట్టింగ్, అయితే మాత్రం దాన్ని పట్టించుకోరు). లాంగ్ మార్చినా మెనూలు మారట్లేదంటే ముందు చూడాల్సింది దీన్నే.

ఎస్‌ఎస్‌హెచ్‌తో టెన్షన్ వేరు (అది వేరే మెషీన్లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి). చాలా డిస్ట్రోల్లో (ఉబుంటు లాంటి లినక్స్ రకాల్లో) మన మెషీన్ లొకేల్ వేరియబుల్స్ సర్వర్‌కి కూడా వెళ్ళిపోతాయి. అక్కడ ఆ లొకేల్ తయారుచేసి లేకపోతే పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రతిసారీ వార్నింగుల వరద పెడుతుంది. సర్వర్‌లో లొకేల్-జెన్ (లొకేల్ తయారుచేసే కమాండ్) నడపడమో, మన వైపు ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ సెండ్‌ఎన్వ్ లైను (వేరియబుల్స్ పంపమని చెప్పేది) తీసేయడమో చేస్తే పోతుంది.

స్క్రిప్టులు రాసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సార్ట్ కమాండ్ సీ లొకేల్‌లో పెద్దక్షరాలన్నీ ముందు పెడుతుంది, అమెరికన్ ఇంగ్లిష్‌లో పెద్దా చిన్నా కలిపేస్తుంది, కాబట్టి టెర్మినల్‌లో వచ్చిన వరుస, చెప్పిన టైముకి కమాండ్లు నడిపే క్రాన్‌లో రాకపోవచ్చు. జర్మన్ న్యూమరిక్ లొకేల్ పెడితే దశాంశానికి చుక్క బదులు కామా, దాంతో టెర్మినల్ కమాండ్లు నడిపే బాష్‌లోని ప్రింటెఫ్ (అంకెలు, అక్షరాలు చూపించే కమాండ్) 3.14ని సంఖ్యే కాదంటుంది. అలాంటి చోట ఆ ఒక్క కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్=సీ అని రాయండి, అంతేగానీ దాన్ని బాష్ మొదలైనప్పుడల్లా చదివే బాష్ఆర్‌సీలో శాశ్వతంగా పెట్టొద్దు, పెడితే విడిగా చేసుకున్న సెట్టింగులన్నీ మూలన పడతాయి. యూటీఎఫ్-8 (తెలుగు లాంటి అన్ని లిపులకీ పనికొచ్చే అక్షరాల కోడింగ్) కూడా కావాలంటే సీ.యూటీఎఫ్-8 ఉంది, 2022లో వచ్చిన లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.35 నుంచి అది అందులోనే భాగం.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. సెట్టింగ్స్ విండోలో ప్రతి విలువ పక్కన అది ఏ ఫైలు నుంచి వచ్చిందో ఒక్క లైను చూపిస్తే ఐదూ ఇచ్చేస్తా.