అల్లం బీరుకు పొంగు: పంచదారా, అనకాపల్లి బెల్లమా?

ఇంట్లో చేసిన అల్లం బీరు పులియడం పూర్తిగా ఆగాక, సీసాల్లో పోసి మూత బిగించే ముందు మళ్లీ కొంచెం తీపి కలుపుతాం. ఈస్టు దాన్ని తిని విడుదల చేసే కార్బన్ డయాక్సైడు బయటకు పోయే దారిలేక పానీయంలోనే కరిగి, మూత తీసినప్పుడు బుడగలై పైకి వస్తుంది.

పంచదార దాదాపు పూర్తిగా సుక్రోజే కాబట్టి లెక్క సులభం. లీటరుకు 6 లేదా 7 గ్రాములు చాలు, రుచిలో తేడా తెలియదు.

బెల్లం అంత తేలిక కాదు. అందులో సుక్రోజుతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, ఖనిజాలు, తేమ కూడా ఉంటాయి. పైగా విశాఖ సముద్రపు గాలికి అచ్చు చెమర్చి బరువెక్కుతుంది గనుక, పొడిగా ఉన్న అచ్చుకూ వానాకాలపు అచ్చుకూ ఒకే తూకం సరిపోదు. నేను అనకాపల్లి బెల్లం లీటరుకు 8 గ్రాములు తీసుకుని, నీళ్లలో మరిగించి, పలుచని బట్టలో వడకట్టి, చల్లారాక కలుపుతాను. మొదటిసారి ఆ బట్ట మీద మిగిలిన చెరకు పీచునూ సన్నని ఇసుకనూ చూశాక వడకట్టడం ఎన్నడూ మానలేదు. పసుపుగా మెరిసే బెల్లంలో, రంగు తేలడానికి వాడే హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండవచ్చు. ముదురు గోధుమరంగు అచ్చే మేలు.

ఇంత శ్రమ ఉన్నా నా ఓటు బెల్లానికే, ఎందుకంటే అల్లం ఘాటు వెనుక లేతగా తగిలే పాకం వాసన పంచదారతో రాదు. నిమ్మరసం ఎక్కువ వేసిన లేత రంగు పానీయానికి మాత్రం పంచదారే తగినది.

ఏది కలిపినా, మన వేడికి రెండు మూడు రోజుల్లోనే పొంగు నిండుతుంది. ఒక ప్లాస్టిక్ సీసాను రోజూ నొక్కి చూసి, అది రాయిలా గట్టిపడగానే అన్నింటినీ ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఆలస్యమైతే గాజు సీసాలు పగలవచ్చు.