అటక ఖాళీ చేయడం: ఒక్క పూటలోనా, ఏడాది పొడవునా?

సామాను తగ్గించుకుందామని అనుకున్న ప్రతి ఇంట్లోనూ, ఆ పనిని ఒక్క ఊపున ముగించాలా, తీరిక దొరికినప్పుడల్లా కొంత కొంతగా చేసుకోవాలా అన్న దగ్గరే మాట తెగదు. కోనసీమలోని మా మండువా ఇంట్లో నేను రెండు విధాలుగానూ చేసి చూశాను. అటకను భోగికి ముందురోజు ఒక్క పూటలో ఖాళీ చేశాను. ఆ తర్వాత అమ్మ గదినీ, వంటింటినీ, కొట్టుగదినీ రెండేళ్ల పాటు నెమ్మదిగా తేలిక చేసుకుంటూ వచ్చాను. వీటితో పాటు, కొన్ని వస్తువులను అసలు సొంతానికి ఉంచుకోకుండా అవసరం వచ్చినప్పుడు అద్దెకో ఎరువుకో తెచ్చుకునే మూడో దారి కూడా ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి, గోదావరి డెల్టాలోని ఇళ్లకు ఏది మేలో నా అనుభవం మేరకు చెబుతాను.

మన ప్రాంతంలో వస్తువును దాచుకోవడమంటే దానికి చాకిరీ చేయడమే. చుట్టూ వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు, దిగువకు వెళ్లేకొద్దీ సముద్రపు గాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ ఇంట్లోనే కాపురం ఉంటుంది. ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుము, పుస్తకాలకు చెద, పరుపులకు ముక్కవాసన పడతాయి. పట్టుచీరలను అప్పుడప్పుడూ తీసి నీడపట్టున ఆరవేసి మడత మార్చకపోతే, మడత దగ్గరే బట్ట చీలుతుంది, జరీ నల్లబడుతుంది. వాడని వస్తువు కూడా ఏటా ఇంత పని అడుగుతుంది. మా ఇంట్లో ఆ పనంతా నలభై ఏళ్లుగా అమ్మ ఒక్కతే చేసింది. తక్కువ సామానుతో బతకడం గురించి నేను ఆలోచించడం మొదలుపెట్టినది ఆమె నడుము నొప్పి చూశాకే.

గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఇంకొక లెక్క కూడా ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టు 16న అది 75.6 అడుగులకు, 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరింది. ఆ నీరంతా ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోయి, లంకలను ముంచెత్తుకుంటూ సముద్రానికి పోవాలి. 2022 వరదలో పి.గన్నవరం వైపు లంకలో ఉన్న మా పిన్ని ఇంట్లో బీరువా, సోఫా, ఫ్రిజ్ నీటిలోనే ఉండిపోయాయి. బియ్యపు బస్తాలు, నవారు మంచాలు అటకెక్కించి, దస్తావేజులూ, ఆధార్ కార్డులూ, బాబాయి మందులూ ఉన్న ట్రంకుపెట్టె ఒక్కటి పట్టుకుని వాళ్లు పడవ ఎక్కారు. అప్పటి నుంచి ఇద్దరు మనుషులు ఎత్తి అటక మీద పెట్టలేని వస్తువేదీ ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఏది ఉంచాలి, ఏది వద్దు అన్నదానికి ఇంతకంటే గట్టి కొలత నేను ఎక్కడా వినలేదు.

ఇక ఒక్కసారిగా ఖాళీ చేసే పద్ధతి సంగతి. నిర్ణయం చల్లారకముందే పని అయిపోవడం దాని గొప్ప బలం. జపాన్‌కు చెందిన మారీ కొండో లోకమంతటికీ నేర్పిన పద్ధతి ఈ కోవలోదే: గదుల వారీగా కాకుండా రకాల వారీగా, మొదట బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లరమల్లర సామాను, అన్నిటికన్నా చివర జ్ఞాపకాలతో ముడిపడినవి, ఇలా ఒక్కొక్క రకాన్నీ ఒక్కచోట కుప్పపోసి చూసుకుంటూ, తక్కువ కాలంలో మొత్తం తేల్చేయాలి. కుప్పపోయడం నిజంగానే కళ్లు తెరిపిస్తుంది. మా అటక మీదివి మండువాలోకి దింపినప్పుడు స్టీలు గిన్నెలే మూడు గోనెసంచులయ్యాయి. పెళ్లిళ్లకూ, గృహప్రవేశాలకూ వచ్చి, అట్టపెట్టె విప్పకుండానే అటకెక్కినవి వాటిలో సగం. అంత ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

భోగినాడు పాత చెక్కసామాను మంటలో వేయడంలోనూ ఇటువంటి తెంపే కనిపిస్తుంది. అయితే ఆనాటి అటకల మీద కర్ర, తాటాకు, తుంగచాప ఉండేవి. ఈనాటి అటకల మీద విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, ఫోం పరుపులు, కరెంటు తీగలు, పాత టైర్లు ఉన్నాయి. వీటిని భోగిమంటలో వేస్తే పసిపిల్లలూ ఉబ్బసం ఉన్నవాళ్లూ సహా వీధి వీధంతా విషపు పొగ పీల్చాలి. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. అందువల్ల ఒక్కరోజులో వదిలించుకోవాలంటే మిగిలేది పాత సామాను బండి ఒక్కటే.

ఆ బండి దగ్గరే నా తొందర నన్ను దెబ్బతీసింది. సాయంత్రానికి అటక తుడిచిపెట్టినట్టు అయింది, నాకు గుండె తేలికపడింది. సంక్రాంతినాడు వచ్చిన పిన్ని మండువాలో కూర్చుని కాఫీ తాగుతూ, "ఒరేయ్ అబ్బాయ్, అటక మీద మా అమ్మ ఇత్తడి బిందె ఉండాలి, మెడ కింద పేరు కొట్టించి ఉంటుంది. అదొక్కటీ నాకిచ్చెయ్యరా" అని అడిగింది. పాత్రల మీద పేర్లు కొట్టించడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన అలవాటే: సన్నటి ఉలితో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ ఇంటిపేరు మొదటి అక్షరం, ఆ తర్వాత పేరు, కొన్నింటి మీద పెళ్లయిన సంవత్సరం. బిందెను తూకానికి వేసేటప్పుడు చిలుము కింద ఆ చుక్కలు నాకు కనిపించనే లేదు. బండి అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఆయ్, ఇత్తడంతా నిన్న పొద్దున్నే లారీకెత్తేశామండి" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు. చింతపండు పెట్టి ఒక్కసారి తోమి ఉంటే అమ్మమ్మ పేరు బయటపడేది. తోమేపాటి తీరిక ఆ పూటలో నేను ఉంచుకోలేదు. పిన్ని ఒక్క మాట కూడా అనకుండా కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

నెమ్మదిగా చేయడానికి స్వీడన్‌వారికి ఒక ప్రత్యేకమైన మాటే ఉంది, డోస్టాడ్నింగ్. చావుకు ముందు ఇల్లు సర్దుకోవడమని దాని అర్థం. తమ తదనంతరం పిల్లల మీద ఆ బరువు పడకూడదని వయసు మళ్లినవారు తమ చేతులతోనే, పెద్ద సామానుతో మొదలుపెట్టి, ఫోటోలూ ఉత్తరాలూ చివరికి ఉంచుకుని, ఇవ్వవలసినవారికి ఇచ్చుకుంటూ పోతారు. పేరు వింటే మనవాళ్లు అపశకునమని చెవులు మూసుకుంటారు గాని, పని మాత్రం మన పెద్దమ్మలు, అమ్మమ్మలు చేస్తూ వచ్చినదే.

అమ్మ గదిలో మేము ఆదివారానికి ఒక్క అర చొప్పున తీశాము. అమ్మ మంచం మీద కూర్చుని ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకునేది, ఎక్కడిదో చెప్పేది, ఎవరికో కూడా చెప్పేది. బండారులంక నేతచీరల్లో కట్టీ కట్టీ మెత్తబడినవి నాలుగేసి కలిపి బొంతలు కుట్టించాము. రెండు పట్టుచీరలు మా మేనకోడళ్లకు లంగా ఓణీలయ్యాయి. ఇల్లు తుడిచే ఆవిడ కూతురి పెళ్లికి ఆరు స్టీలు డబ్బాలు వెళ్లాయి, వాటిని అమ్మ పసుపు కుంకుమలతో కలిపి తనే చేతికి ఇచ్చింది. బొట్టు పెట్టి ఇచ్చిన వస్తువు గురించి ఆమె మళ్లీ ఒక్కసారి కూడా వెతుక్కోలేదు. అదే, అటక ఖాళీ అయిన వారం రోజుల పాటు, "ఆ జల్లెడ ఏమైంది, ఆ కాగు ఏమైంది" అని రాత్రుళ్లు లేచి అడిగేది. నాకు ఈ రెండు పద్ధతుల మధ్య తేడా స్పష్టంగా తెలిసింది ఇక్కడే: వస్తువు వెళ్లిన చోటు తెలిస్తే మనిషి దాన్ని వదలగలుగుతాడు, తెలియకపోతే అది ఇంట్లో లేకపోయినా మనసులో చోటు ఆక్రమించుకునే ఉంటుంది.

నెమ్మది పద్ధతికి ఉన్న లోపం కూడా చిన్నది కాదు. మొదటి రెండు నెలలు మా ఇంట్లోంచి బయటికి వెళ్లిన వస్తువులు పదికి మించవు. అమ్మ గదిలోంచి తీసినవి "తర్వాత చూద్దాం" అంటూ కొట్టుగదికి, అక్కడి నుంచి వరండాలోకి తిరిగాయి. తీసిన వస్తువు వచ్చే ఆదివారంలోగా గుమ్మం దాటాలని గడువు పెట్టుకున్నాకే పని సాగింది. గడువు లేని నెమ్మదికి, పని వాయిదా వేయడానికి తేడా లేదు.

మూడో దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే దానికి తగిన వస్తువులు కొన్నే. గుండిగలు, గంగాళాలు, పెద్ద తెడ్లు, జంపఖానాలు, పొడవాటి నిచ్చెన వంటివి ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా పనికి రావు. ఒకప్పుడు పెళ్లి భోజనాలు ఇంటి ముందు పందిట్లోనే జరిగేవి కనుక అవి ఇంట్లో ఉండితీరాలి. ఇప్పుడు ఫంక్షన్ హాల్లో జరిగితే వంటవాళ్లే పాత్రలు తెచ్చుకుంటున్నారు. ఇంట్లో జరిగితే షామియానా కొట్టులో అన్నీ అద్దెకు దొరుకుతున్నాయి. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత నగల విషయంలో నిజమే కావచ్చు గాని, గంగాళం విషయంలో నేను ఒప్పుకోను. చిక్కల్లా ఊరంతటికీ ఒకటే ముహూర్తం వచ్చినప్పుడే. పది రోజుల ముందు చెప్పి ఉంచుకుంటే అదీ తీరుతుంది. మా గంగాళాన్ని మాత్రం అమ్మ తూకానికి వేయనివ్వలేదు. ఇత్తడి పనికి పేరుపడిన పెరవలి మండలం అజ్జరం తీసుకెళ్లి మరమ్మతు చేయించి, మాసిన కళాయి మళ్లీ పోయించి, కార్తీక సమారాధనలకు వాడుకోమని ఊరి గుడికి ఇచ్చాము. ఇప్పుడు అది ఏటా పొయ్యి ఎక్కుతోంది.

నన్ను ఏది మేలని అడిగితే, ఆ వస్తువు ఎవరిదో ముందు తేల్చుకోమంటాను. మీ ఒక్కరివే అయిన బట్టలు, చెప్పులు, పాత ఛార్జర్లు, పనికిరాని ఫోన్లు ఒక్కరోజులో తేల్చేయండి. వాటి విషయంలో నెమ్మది మనల్ని మనం మోసం చేసుకోవడమే అవుతుంది. నలుగురికి హక్కున్నవి, చనిపోయినవారి చేతి వాసన ఉన్నవి, పేర్లు కొట్టించినవి అయితే ఎంత చిన్నవైనా ఏడాది పట్టనివ్వండి, తోబుట్టువులందరికీ ఫోటో తీసి పంపించి, సరేనన్నాకే కదపండి. ఈ పద్ధతిలో ఇల్లు ఆలస్యంగా తేలికపడుతుంది, కానీ తెగిన బంధాలేవీ దాని వెనుక మిగలవు. ఇక కాగితాలు: పొలం దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, పాత శిస్తు రసీదులు ఉన్న పెట్టెను ఖాళీ చేసే రోజున అసలు తెరవకూడదు. తేలిక చేసే ఉత్సాహంలో ఒక పాత రసీదు చిత్తుకాగితాల్లో కలిసిపోతే, సరిహద్దు తగాదా వచ్చిననాడు దాని విలువ తెలుస్తుంది.

ఎంత ఖాళీ చేసినా వచ్చేదాన్ని ఆపకపోతే రెండు మూడేళ్లలో అటక మళ్లీ నిండుతుంది, ఈ విషయంలో మన జిల్లాలవారికి ఉన్నంత కష్టం మరెవరికీ లేదేమో. సారె పెట్టడంలో మన చెయ్యి పెద్దది. కావిళ్ల కొద్దీ మిఠాయిలతో ఆగితే ఊరూవాడా పంచుకు తినవచ్చు. వాటితో పాటు గిన్నెలు, బిందెలు, కుర్చీలు, పెట్టెలు వస్తాయి, పేరంటానికి వెళ్లిన ప్రతిచోటా ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెడతారు. వద్దంటే ఎదుటివారి మనసు నొచ్చుకుంటుందని మనం తెచ్చుకుంటాము. మా చెల్లెలు తన గృహప్రవేశానికి ముందే అందరి ఇళ్లకూ వెళ్లి, "వదినా, సామానేమీ వద్దు, పెట్టాలనిపిస్తే ఒక కొబ్బరి మొక్క పెట్టండి" అని బొట్టు పెట్టేటప్పుడే చెప్పి వచ్చింది. కొందరు వింతగా చూశారు, ఒకరిద్దరు నిష్టూరమాడారు. అయినా పదకొండు మొక్కలు వచ్చాయి, దొడ్డి చుట్టూ వాటిని నాటింది. ఎవరు ఇచ్చిన మొక్క ఏదో ఇప్పటికీ తప్పు లేకుండా చెబుతుంది.

అమ్మమ్మ పేరు కొట్టించినవాటిలో మా ఇంట్లో మిగిలినది ఒక్క మరచెంబు. కొట్టుగది సర్దుతున్నప్పుడు పాత ఉప్పు జాడీ వెనుక దొరికితే, ఈసారి ముందు తోమి చూశాను. దాన్ని పిన్నికి ఇద్దామని లంకకు తీసుకెళ్లాను. ఆమె మూత విప్పి, తిప్పి చూసి, అక్షరాల మీద బొటనవేలు రాసి, "ఇది మా అక్క దగ్గరే ఉండనీ, రాత్రి మంచినీళ్లకు పనికొస్తుంది" అని నా చేతికే తిరిగి ఇచ్చింది. ప్రస్తుతం అది అమ్మ తలగడ పక్కన ఉన్న స్టూలు మీద ఉంటుంది. రోజూ పొద్దున తోముతాము.