సమాసమా, సమీకరణమా: ఎక్కడ ఏది మేలు?

నెల్లూరు లెక్కలో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు, యాభై కిలోల బస్తాలైతే 17. పుట్ల సంఖ్యను, పుస్తకాల్లోని ఎక్స్ బదులు, 'ప' అనుకుందాం. పుట్లు పోగా నాలుగు బస్తాలు మిగిలితే మొత్తం తూకం 850ప + 200 కిలోలు. ఇది బీజీయ సమాసం. ఇక్కడ 'ప' ఎంత అని అడిగితే జవాబు లేదు. మూడు పుట్లయితే 2,750, ఐదైతే 4,450.

అదే లోడు కాటా మీద 2,750 తూగిందని తెలిసిందనుకోండి. 850ప + 200 = 2,750. ఇప్పుడిది సమీకరణం. 200 తీసేస్తే 850ప = 2,550, 850తో భాగిస్తే ప = 3. ఇంకో విలువ కుదరదు.

కాబట్టి కోతకు ముందు రకరకాల అంచనాలు వేసుకోవడానికి సమాసమే మేలు. తూకం చేతికొచ్చాక పుట్లెన్నో తేల్చాలంటే సమీకరణం కావాలి. పరీక్షలో మాత్రం ఎంపిక మనది కాదు: 'సూక్ష్మీకరించండి' అంటే సమాసం, 'సాధించండి' అంటే సమీకరణం. సజాతి పదాలనే, అంటే 'ప' ఉన్నవాటిని 'ప' ఉన్నవాటితో, ఉత్త అంకెలను అంకెలతో, కలపాలన్న నియమం రెంటికీ ఒకటే.

పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది భిన్నాల దగ్గర. ప/2 + ప/3 = 10 అనే సమీకరణాన్ని రెండు వైపులా 6తో గుణించవచ్చు: 3ప + 2ప = 60, ప = 12. సరిచూస్తే 6 + 4 = 10. ఈ అలవాటుతోనే ప/2 + ప/3ని సూక్ష్మీకరించమన్నప్పుడు కూడా 6తో గుణించి 5ప అని రాసేస్తారు. అక్కడ రెండో వైపే లేదు. గుణిస్తే సమాసం విలువ ఆరింతలవుతుంది. హారం ఉంచుకోవాల్సిందే: 5ప/6. అనుమానముంటే ప = 6 వేసి చూడండి. అసలు సమాసం 3 + 2 = 5, సరైన జవాబూ 5, తప్పు జవాబు 30.

ఇంకో పొరపాటు, సమాసం చివర '= 0' తగిలించి విలువ కనిపెట్టడం. ఆ సున్నా ప్రశ్నలో లేదు, మనం తెచ్చిపెట్టిందే.

అలాగని సమానం గుర్తు కనబడిన ప్రతిచోటా సాధించడానికి కూర్చోకూడదు. 2(ప + 3) = 2ప + 6లో 'ప' ఏదైనా రెండు వైపులూ సమానమే. దాన్ని సర్వసమీకరణం అంటారు. సాధించబోతే చివరికి 6 = 6 మిగులుతుంది, పిల్లలేమో ఎక్కడో తప్పు చేశామని కొట్టేస్తారు.